బెల్టు లేని నడుముకు బెల్ట్‌ప్యాక్: ప్రసార పనిలో స్త్రీల భద్రత

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి రేడియో, వీడియో పనిలో శిక్షణకు వచ్చిన మహిళా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట నడుముకు తగిలించుకునే ఒక చిన్న పెట్టె గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి ఆశ్చర్యంగా వుండవచ్చు. ఇలాంటివి ఇంజనీర్లు చెప్పాల్సినవి కదా, సోషియాలజీ చదివిన మనిషికి ఏం పని అని కూడా అనిపించవచ్చు. యంత్రం ఎలా పని చేస్తుందో ఇంజనీర్లు చెబుతారు. దాన్ని ఎవరి ఒంటి మీద పెడతారు, ఎవరి చేతులతో పెడతారు, దానిలోంచి ఎవరు ఎవరి మాట వింటారు అన్న ప్రశ్నలు యంత్రంతో పాటు వచ్చే కరపత్రంలో వుండవు. భద్రత అన్న మాటలో ఇవన్నీ వున్నాయని నా అభిప్రాయం.

ముందు కొంచెం నేపథ్యం. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ప్రజలకు రేడియో కావాలంటూ 2000 జూలైలో ఉమ్మడి మెదక్‌లోని పస్తాపూర్ పేరుతోనే ఒక ప్రకటన వెలువడింది. ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతినిచ్చి, స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో గానీ తలుపు తెరవలేదు. 2008 అక్టోబర్ 15న, గ్రామీణ స్త్రీల దినోత్సవం రోజున, జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో సంఘం రేడియో మొదలయింది. దాన్ని నడిపింది దళిత స్త్రీలు. భూమి లేని, బడి మొహం చూడని స్త్రీలకు యంత్రాలు ఏం తెలుస్తాయి అన్నవాళ్లకు అది జవాబు. ఆ సంఘాల స్త్రీలే అంతకు ముందే వీడియో కెమెరాలు పట్టి తమ పొలాల గురించి, విత్తనాల గురించి సినిమాలు తీశారు. కాబట్టి స్త్రీలు చేయగలరా లేదా అన్న ప్రశ్న తీరిపోయింది. చేస్తున్నప్పుడు ఆ పని వాళ్ల శరీరానికీ, మానానికీ, మాటకూ హాని చేయకుండా వుంటుందా అన్న ప్రశ్న మాత్రం తీరలేదు.

బెల్ట్‌ప్యాక్ రిసీవర్ అంటే ఏమిటో నిన్న మీరు చూశారు. నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత వుంటుంది. వెనక ఒక క్లిప్పు, పైన పొట్టి తీగలాంటి యాంటెన్నా, ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం, శబ్దం పెంచే తగ్గించే మర. మాట్లాడే మనిషి కొంగుకు మనం కాలర్ మైకు పెడతాం. ఆమె నడుముకు వుండేది ట్రాన్స్‌మిటర్, అది పంపుతుంది. మన నడుముకు వుండేది రిసీవర్, అది అందుకుంటుంది. స్టూడియోలో అయితే యాంకర్ చెవిలోకి నిర్మాత మాట పంపడానికీ ఇలాంటి రిసీవరే వాడతారు. మరో రకం వుంది, పనివాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడే ఇంటర్‌కమ్. అది అందుకోవడమే కాదు, పంపుతుంది కూడా. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇక దాని పేరు చూడండి. బెల్ట్‌ప్యాక్. ఈ వస్తువును తయారు చేసినవాడి మనసులో ఒక మనిషి వున్నాడు. అతనికి ప్యాంటు వుంది, దానికి తోలు బెల్టు వుంది. గద్వాల నేతచీర కట్టుకున్న స్త్రీ గానీ, అచ్చంపేట తండా నుంచి పేటియా కట్టుకుని వచ్చిన లంబాడా స్త్రీ గానీ, పంజాబీ డ్రెస్సులో వచ్చిన కాలేజీ అమ్మాయి గానీ అతని ఊహలో లేరు. ఫలితం ఏమిటి? చీర కుచ్చిళ్లకు క్లిప్పు పెడితే బరువుకు కుచ్చిళ్లు జారతాయి. లంగా బొందుకు తగిలిస్తే గంటసేపట్లో బొందు నడుమును కోస్తుంది. పట్టు అంచుకు పెడితే క్లిప్పు పళ్లకు జరీ చిరుగుతుంది. గద్వాల చీరలో నూలు ఒళ్లు, పట్టు అంచు వేరువేరుగా కలిపి నేస్తారని మీకు నేను చెప్పనక్కర లేదు, ఆ కలిపిన చోట పట్టి లాగితే ఏమవుతుందో నేసినవాళ్లకే తెలుసు. జారుతున్న పెట్టెను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో రికార్డర్ పట్టుకుని, కొంగు సర్దుకోవడానికి మూడో చెయ్యి లేక అవస్థ పడే అమ్మాయిని చూసి "ఆడవాళ్లకు ఈ పని కుదరదు" అనడం చాలా తేలిక. కుదరనిది పనా, క్లిప్పా?

దీనికి పరిష్కారం ఖరీదయినది కాదు. మందపాటి నూలుగుడ్డతో మూడు వేళ్ల వెడల్పు పట్టీ, దానికి వెనక వైపు మూతవున్న జేబు, కట్టుకోవడానికి బొందు. మీ ఊరి దర్జీ కుడతాడు, లేదా మీరే కుడతారు. చీర మీద, కొంగు కింద కట్టుకోవాలి. ఒంటికి నేరుగా తగలకూడదు, ఎందుకంటే పెట్టె పని చేస్తున్నప్పుడు వెచ్చబడుతుంది, పాలమూరు ఎండలో చెమట తోడయితే చర్మం ఒరుసుకుపోతుంది, ఆ చెమటే పెట్టెలోకి దిగితే పెట్టె పాడవుతుంది. జేబు పైభాగాన యాంటెన్నా బయటికి రావడానికి చిన్న రంధ్రం వుంచండి. యాంటెన్నాను మడిచి లోపల కుక్కితే మాట తెగిపోతూ వస్తుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. అందుకే మాట్లాడే మనిషి వైపు మన ఒళ్లు అడ్డం లేకుండా పెట్టె వుండాలి. తెగుతున్న మాట సరిగా వినపడక మనం శబ్దం పెంచుతాం, పెంచితే చెవికి దెబ్బ. ఒక చిన్న అసౌకర్యం ఇంకో పెద్ద హానికి ఎలా దారి తీస్తుందో చూడండి.

చెమట సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సినిమా, టీవీ సౌండ్ పనివాళ్లు చెమట దిగకుండా పెట్టెకు నూనె పూయని నిరోధ్ తొడుగుతారు. ప్రపంచమంతటా వున్న అలవాటే. నవ్వకండి, అడగడానికి సిగ్గయితే జిప్పున్న ప్లాస్టిక్ సంచీ చాలు. కుటుంబ నియంత్రణలో మగవాళ్లు వాడనని మొరాయించే వస్తువు ఇలాగైనా పనికి వస్తోందని ఒక అక్క అంది.

పెట్టెను ఎవరు కడతారు అన్నది ఇంకా ముఖ్యమైన విషయం. చాలా చోట్ల సౌండ్ పని మగవాళ్ల చేతిలోనే వుంది. "అట్ల కాదమ్మా, ఇటు తిరుగు, నేను పెడతా" అంటూ కొంగు కింద వైరు దూర్చడం, నడుము దగ్గర క్లిప్పు సర్దడం మామూలు పనిలాగా జరిగిపోతుంది. వద్దు అంటే "పని తెలియనిది, పెంకెది" అన్న పేరు. ఏమీ అనకపోతే మర్నాడు చెయ్యి ఇంకొంచెం చనువు తీసుకుంటుంది. చెడు ఉద్దేశం లేనివాళ్లు కూడా అలా చేస్తుంటారు, కానీ ఉద్దేశాన్ని బేరీజు వేసే భారం ప్రతిసారీ ఆ స్త్రీ మీదే ఎందుకు పడాలి? అందువల్ల మన బృందాల్లో పద్ధతి ఒక్కటే. ఎవరి పెట్టె వాళ్లే కట్టుకుంటారు. నేర్పేవాళ్లు తమ బట్టల మీద పెట్టి చూపిస్తారు, అవతలి మనిషిని ముట్టుకోరు. సాయం కావాలంటే ఆమే అడుగుతుంది, ఎవరిని అడగాలో ఆమే నిర్ణయించుకుంటుంది. గదిలో ఒక అద్దం, తెర కట్టిన ఒక మూల తప్పనిసరి. మైకు పెట్టించుకునే గ్రామ స్త్రీల విషయంలోనూ ఇంతే. ఇంటర్వ్యూ ఇవ్వడానికి ఒప్పుకోవడం అంటే ముట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు.

చట్టం కూడా మన వైపు వుంది. 1997లో విశాఖ తీర్పు, దాని తర్వాత 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు, శిక్షణలో వున్నవాళ్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారు. పని మీద వెళ్లిన ఊరు, ఎక్కిన జీపు కూడా పని స్థలమే. పదిమంది కన్నా తక్కువ వున్న సంస్థల్లో అంతర్గత కమిటీ వుండదు కాబట్టి జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి, గడువు మూడు నెలలు. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్‌ను విడదీసిన తర్వాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. ఏ జిల్లా కమిటీ ఆ జిల్లాదే. మీ జిల్లాలో కమిటీ అధ్యక్షురాలు ఎవరో ఈ శిబిరం నుంచి వెళ్లిన వారంలోపు కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి. అడిగితేనే కమిటీలు బతికి వుంటాయి.

ఇక భయాల గురించి. నేను వెళ్లిన ప్రతి చోటా ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, గిది కడుపు మీద కట్టుకుంటే గర్భం నిలువదంట గదా? పిల్లలు గారంట గదా?" దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆపరేషన్ల పేరుతో, ఇంజక్షన్ల పేరుతో తమ గర్భసంచుల మీద ప్రయోగాలు జరిగిన అనుభవం మన స్త్రీలకు వుంది. కడుపుకు తగిలే కొత్త వస్తువును అనుమానించడం తెలివే. అనుమానానికి జవాబు చెప్పడం మన బాధ్యత.

రిసీవర్ పంపదు, అందుకుంటుంది. ఇంట్లో ట్రాన్సిస్టర్ రేడియో ఒళ్లో పెట్టుకుని పాటలు విన్నప్పుడు ఎంత ప్రమాదమో ఇదీ అంతే. గాలిలో ఎలాగూ వున్న తరంగాన్ని అది పట్టుకుంటుంది. పంపేది ట్రాన్స్‌మిటర్. మనం వాడే కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్లు మామూలుగా 10 నుంచి 50 మిల్లీవాట్ల లోపు శక్తితో పంపుతాయి. పాత రకం సెల్‌ఫోన్ గట్టిగా పంపే క్షణంలో 2 వాట్ల దాకా వెళ్లేది, అంటే 50 మిల్లీవాట్లకు నలభై రెట్లు. సెల్‌ఫోన్ల నుంచి ఒంటికి చేరే శక్తి మీద మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి కిలోకు 1.6 వాట్ల పరిమితి వుంది. రవికె లోపల సెల్‌ఫోన్ దోపుకుని రోజంతా తిరిగే మనం, గంటసేపు నడుముకు కట్టే ఈ పెట్టెకు భయపడడంలో లెక్క తప్పుతోంది. గర్భిణికి ఈ పనిలో నిజమైన ఇబ్బందులు వేరే వున్నాయి. బొందు బిగువు, గంటల తరబడి నిలబడటం, నీళ్లు తాగకపోవడం, మూత్రానికి పోయే చోటు లేకపోవడం. పెట్టెను భుజం మీంచి వేసుకునే సంచీలోకి మార్చండి, కూర్చునే పని ఇవ్వండి. అంతేగానీ రేడియేషన్ సాకుతో ఆమెను పని నుంచి తప్పిస్తే అది రక్షణ కాదు, కూలి పోగొట్టడం.

నిజంగా జాగ్రత్త అవసరమైనవాళ్లు వేరే వున్నారు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ట్రాన్స్‌మిటర్‌ను, ఇంటర్‌కమ్‌ను ఆ చోటుకు కనీసం జానెడు దూరంగా పెట్టుకోవాలి. ఇయర్‌ఫోన్లలో అయస్కాంతం వుంటుంది కాబట్టి వాటిని మెడలో వేసుకుని ఛాతీ మీద వేలాడదీయకూడదు. ముందుగా వాళ్ల డాక్టర్‌ను అడగాలి.

ఇన్ని చెప్పాక, ఈ పెట్టె వల్ల నిజంగా పాడయ్యే అవయవం దగ్గరికి వద్దాం. అది చెవి. కడుపు గురించి అందరూ అడుగుతారు, చెవి గురించి ఎవరూ అడగరు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలుంటాయి. చచ్చిపోతే మళ్లీ పుట్టవు. చేను మళ్లీ మొలుస్తుంది, ఇవి మొలవవు. పెద్ద శబ్దం ఎంతసేపు విన్నామన్న దాని మీద నష్టం ఆధారపడి వుంటుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్లకు కాలం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. 100 డెసిబెల్లు అయితే పావుగంట. ఇయర్‌ఫోన్లు 100 దాటడం కష్టమేమీ కాదు. ఇయర్‌ఫోన్లతో వినే పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పెట్టిన ప్రమాణం ఇంకా తక్కువ, వారానికి 40 గంటలకు 80 డెసిబెల్లు, పిల్లలకయితే 75. మన దగ్గర బాలికల బృందాలు కూడా వున్నాయి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పని నుంచి బయటికి తెచ్చి బడిలో చేర్పించిన పిల్లలకు రేడియో నేర్పుతున్నామని గర్వంగా చెప్పుకునే సంస్థలు ఈ 75ను గుర్తుంచుకోవాలి.

డెసిబెల్లు కొలిచే యంత్రం మన దగ్గర వుండదు. ఇలా తెలుసుకోండి. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు మూరెడు దూరంలో మామూలు గొంతుతో మాట్లాడే మనిషి మాట అసలు వినిపించకపోతే శబ్దం ఎక్కువయినట్టు. పని అయ్యాక చెవిలో హోరు వున్నా, దూది పెట్టినట్టున్నా చెవి దెబ్బ తిన్నట్టే. మర్నాటికి తగ్గింది కదా అని వదిలేయవద్దు, తగ్గడం అంటే పూర్తిగా మానడం కాదు. హోరు తగ్గకపోతే చెవి డాక్టర్ దగ్గరికి.

అలవాటు చేసుకోవాల్సిన వరస ఒకటుంది. ముందు రిసీవర్ శబ్దం పూర్తిగా తగ్గించండి. మాట్లాడే మనిషి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయండి. ఆ తర్వాత రిసీవర్ ఆన్ చేయండి. అప్పుడే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మెల్లగా పెంచండి. ముగించేటప్పుడు తిరగేసి రండి. ముందు చెవిలోది తీసి, రిసీవర్ ఆపి, చివర ట్రాన్స్‌మిటర్ ఆపండి. ఈ వరస ఎందుకంటే, ట్రాన్స్‌మిటర్ ఆగి రిసీవర్ ఒక్కటే నడుస్తుంటే అది గాలిలోని పిచ్చి శబ్దాన్నంతా పట్టి చెవిలో ఒక్కసారిగా బుస్సుమంటుంది. మంచి సెట్లలో ఆ శబ్దాన్ని నొక్కిపెట్టే ఏర్పాటు, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ వుంటాయి. కొనేటప్పుడు లిమిటర్ వుందా అని అడగండి.

ఒక చెవా, రెండు చెవులా? స్టూడియోలో కూర్చుని వినేటప్పుడు రెండు చెవులకూ పెట్టుకోండి. రెండు చెవులతో విన్నప్పుడు అదే శబ్దం పెద్దగా అనిపిస్తుంది కాబట్టి తక్కువలో పెట్టుకోవచ్చు. ఒకే చెవితో వింటే, ఖాళీ చెవిలో పడే గోలను గెలవడానికి తెలియకుండానే పెంచేస్తాం. కానీ బయట తిరిగేటప్పుడు ఒక చెవి తప్పకుండా ఖాళీగా వుండాలి, శబ్దం మాత్రం పెంచకూడదు. రాయచూరు రోడ్డు మీద వెనక నుంచి లారీ వస్తే వినపడాలి. జూరాల దగ్గర గేట్లు ఎత్తేముందు మోగే సైరన్ వినపడాలి, నది లోపలికి దిగి పనిచేసేటప్పుడయితే చెవిలో ఏదీ వుండకూడదు. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటలకు వెళ్లేటప్పుడు, చీకటి పడ్డాక ఒంటరిగా నడిచేటప్పుడు కూడా అంతే. వెనక ఎవరు వస్తున్నారో వినగలగడం మగవాడికన్నా ఆడదానికి ఎంత ఎక్కువ అవసరమో మీకు వివరించనక్కరలేదు.

స్టూడియోలో యాంకర్ చెవిలోకి మాట పంపేవాళ్లకు కూడా ఒక మాట. ఆమె చెవి మీ ఆఫీసు గది కాదు. అక్కడ అరిచే ప్రతి అరుపూ నేరుగా కర్ణభేరి మీద పడుతుంది. నెమ్మదిగా, తక్కువ మాటల్లో చెప్పండి. ఇంకో కోణం కూడా చూడాలి. కార్యక్రమం పేరు మహిళలది, తెర మీద వున్నది మహిళ, కానీ చెవిలో "ఆ ప్రశ్న వద్దు, ఈ ప్రశ్న అడుగు" అని చెప్పేది మగ గొంతు. ఇంట్లో విన్న గొంతే స్టూడియోలో ఇయర్‌ఫోన్‌లోంచి వస్తోందన్నమాట. శబ్దం తగ్గించే మర ఆమె చేతికి అందేలా వుండాలి, దాన్ని తగ్గించే హక్కు ఆమెదే అని ముందే ఒప్పందం వుండాలి.

ఒకరు పెట్టుకున్న ఇయర్‌ఫోన్ ఇంకొకరు పెట్టుకోవడం మంచిది కాదు. గుబిలి, చెమట, చీము ఒకరి నుంచి ఒకరికి పోతాయి. మన వాతావరణంలో చెవిలో బూజు పట్టడం మామూలే. మెత్తటి రబ్బరు మూతలు ఎవరివి వాళ్లకు ఇవ్వాలి, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఇది చెబుతున్నప్పుడే ఒక ప్రమాదం నాకు కనిపిస్తోంది. శుభ్రత అన్న మాట మన ఊళ్లలో అమాయకమైన మాట కాదు. ఎవరి చెవిలోది ఎవరు పెట్టుకోకూడదన్న దాని వెనక ఏ కులం చెవి అన్న లెక్క రావడానికి ఎంతోసేపు పట్టదు. ఒక శిక్షణలో దళిత అమ్మాయి వాడిన సెట్‌ను ఎవరూ ముట్టుకోకపోవడం, దానికి "ఇన్‌ఫెక్షన్ మేడమ్" అన్న కారణం చెప్పడం నేను చూశాను. కాబట్టి రబ్బరు మూత ఎవరిది వాళ్లదే, పెట్టె మాత్రం అందరిదీ. వంతుల పట్టిక గోడకు అంటించండి, వరస మారుస్తూ వుండండి. డబ్బాలన్నీ ఒకే రకం, ఒకే చోట పెట్టండి. విడిగా ఒక మూలన పెట్టిన డబ్బా ఏమవుతుందో హోటళ్లలోని రెండు గ్లాసుల నుంచి మనకు తెలుసు.

సెల్లుల గురించి త్వరగా చెబుతాను. పాత పెన్సిల్ సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకండి. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, ఛార్జింగ్ సెల్లు 1.2, ఈ రెండూ కూడా కలపకండి. బలహీనమైన సెల్లు వేడెక్కి కారుతుంది, ఆ కారేది చర్మాన్ని కాలుస్తుంది. పని అయ్యాక సెల్లులు తీసేయండి. విడి సెల్లులను చిల్లర డబ్బులు, తాళం చెవులు వున్న పర్సులో వేయకండి, రెండు కొనలూ కలిస్తే నిప్పు పుడుతుంది. లోపలే బ్యాటరీ వున్న కొత్త రకం సెట్లు ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడకూడదు, గుచ్చకూడదు, దిండు పక్కన పెట్టి ఛార్జింగ్ చేయకూడదు. వైరు లేకపోవడంలో ఒక మేలు కూడా వుంది. టెంట్ హౌస్ మైక్‌సెట్లకు ఎర్తింగ్ సరిగా లేక ఇనప స్టాండు ముట్టుకుంటే షాక్ కొట్టడం మీలో చాలామందికి అనుభవమే. నడుముకున్న పెట్టెకు కరెంటు తీగతో సంబంధం లేదు కాబట్టి ఆ ప్రమాదం తగ్గుతుంది. అయితే రిసీవర్ నుంచి వైరు తీసి అదే మైక్‌సెట్‌కు తగిలించారా, మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఇప్పటిదాకా చెప్పింది పెట్టుకున్న మనిషి భద్రత. అవతలి మనిషి భద్రత ఇంకా పెద్దది, అసలు నేను ఈ విషయం ఎంచుకున్నదే దాని కోసం.

ఒక స్త్రీ కొంగుకు మైకు పెడతాం. పది నిమిషాల్లో ఆమె దాన్ని మరిచిపోతుంది. మరిచిపోవాలనే కదా చిన్నగా తయారు చేశారు. మధ్యలో లేచి ఇంట్లోకి వెళ్తుంది. కోడలితో ఒక మాట అంటుంది, అత్తతో గొడవ పడుతుంది, దొడ్లోకి పోతుంది, ఏడుస్తుంది. అంతా మన చెవిలో వినిపిస్తూనే వుంటుంది. ఆమె చెప్పదలచుకున్నది కెమెరా ముందు చెప్పింది. చెప్పదలచుకోనిది మన నడుముకున్న పెట్టె చెబుతోంది. పరిశోధకులకు, విలేకరులకు అక్కడ ఎంత ఆశ పుడుతుందో నాకు తెలుసు. "అసలు నిజం అదే కదా" అనిపిస్తుంది. కానీ ఆమె ఇవ్వనిది మనం తీసుకుంటే దానికి దొంగతనం తప్ప వేరే పేరు లేదు.

అందువల్ల ఆమె లేచిన వెంటనే రిసీవర్ పెట్టుకున్న మనిషి చెవిలోది తీసేయాలి, రికార్డింగ్ ఆపాలి. అంతకన్నా ముఖ్యం, ఆపే మీట ఆమెకే నేర్పాలి. మొదలుపెట్టే ముందు మన ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టి, ఇంకొకరిచేత ఆ మైకులో మాట్లాడించి, "అవ్వా, నువ్వు మాట్లాడింది మాకు ఇట్ల ఇనొస్తది, ఇంట్లకు పోయినా ఇనొస్తది, గీ బటన్ ఒత్తితే ఇనరాదు" అని చూపించండి. ఒప్పుకోలు పత్రం మీద వేలిముద్ర కన్నా ఆ రెండు నిమిషాలు విలువైనవి.

మనమే కాదు, వేరేవాళ్లు కూడా వినవచ్చు. పాత అనలాగ్ సెట్లు పంపే మాటకు తాళం లేదు. యాభై, వంద మీటర్ల లోపల అదే ఫ్రీక్వెన్సీకి కలిపిన ఏ రిసీవరయినా దాన్ని పట్టుకోగలదు. పక్క సందులో పెళ్లి వీడియోవాడి దగ్గర అదే సెట్ వుండవచ్చు. ఆమె మాట్లాడుతున్నది జోగినిగా మార్చినప్పుడు తన మీద జరిగిన దాని గురించి అనుకోండి. 1988లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చినా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఆ బతుకులు ఏమయ్యాయో మీకే ఎక్కువ తెలుసు. లేదా ఊరి పెద్ద మీద అత్యాచారం కేసు పెట్టిన మనిషి అనుకోండి. ఆ మాట మనం ప్రసారం చేయకముందే ఆ పెద్ద ఇంటికి చేరితే? అలాంటి సాక్ష్యాలకు వైర్‌లెస్ వద్దు. రికార్డర్‌ను ఆమె ఒడిలో పెట్టండి, లేదా వైరున్న మైకు వాడండి. డిజిటల్ సెట్లలో కొన్నింటికి మాటను గుప్తంగా మార్చి పంపే ఏర్పాటు వుంది. డిజిటల్ అన్నంత మాత్రాన అది వున్నట్టు కాదు, పెట్టె మీద ఆ మాట స్పష్టంగా రాసి వుండాలి.

చట్టం ఏమంటుంది? అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ ప్రచురించరాదని భారత శిక్షాస్మృతి 228ఎ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్‌గా వుంది, శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా అదనం. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ వుంది. పేరు చెప్పకపోయినా, దూరంగానైనా ఆమె ఎవరో తెలిసే వివరం ఏదీ బయటపెట్టరాదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు అన్నది. మన ఊళ్లలో గొంతు చాలు మనిషిని గుర్తుపట్టడానికి. మొహం మసక చేసి గొంతు అలాగే వదిలేసిన వీడియోలు చూస్తుంటే నాకు కోపం వస్తుంది. అయితే ఈ చట్టాలన్నీ ప్రచురణ దగ్గర మొదలవుతాయి. ఇయర్‌ఫోన్‌లో విన్నది టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాళ్లను అవి ఆపవు. సౌండ్ చూసే మనిషి ఎవరో, ఏ ఊరివాళ్లో, కేసుకు సంబంధించినవాళ్ల చుట్టమో ముందే తెలుసుకోవడం మన పనే. జీపు డ్రైవర్ సరదాగా ఒక చెవి పెట్టి వింటానంటే ఇవ్వకండి.

లైసెన్సు సంగతి ఒక్క మాటలో. ఏ ఫ్రీక్వెన్సీ అయినా ఎవరైనా వాడేయడానికి వీల్లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు మన దేశంలో లైసెన్సు అక్కరలేదు. మిగతావాటికి కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నిబంధనలు వున్నాయి. విదేశాల నుంచి చవకగా వచ్చే పాత సెట్లలో 700 మెగాహెర్ట్జ్‌వి వుంటాయి, అమెరికాలో వాటిని 2010 జూన్ నుంచి నిషేధించారు, మన దగ్గర 2022 వేలంలో ఆ తరంగాలు సెల్‌ఫోన్ కంపెనీకి వెళ్లాయి. ఎవరైనా విరాళంగా ఇస్తామన్నా తీసుకునే ముందు వెనక రాసిన అంకె చూడండి.

బల్ల మీద సెట్లు వున్నాయి, సెల్లులు తీసి పక్కన పెట్టాను. పక్క గదిలో తెర కట్టాం, అద్దం వుంది. గుడ్డపట్టీలు ఇరవై కుట్టించి తెచ్చాను. ఒక్కొక్కరూ వెళ్లి ఎవరిది వాళ్లు కట్టుకుని రండి. వచ్చాక శబ్దం పూర్తిగా తగ్గించి వుందో లేదో పక్కనున్న అక్కకు చూపించి, ఆ తర్వాతే ఆన్ చేయండి.